దుప్పటి కింద చెయ్యి

ఆరు నెలలు సముద్రం మీద గడిపి బెర్గెన్‌లోని ఇల్లు చేరిన హాల్వర్, భార్య సిసెల్ కొత్త కెమెరాతో తీసిన పసివాడి ఫొటో చూశాడు. బిడ్డ కదలకుండా ఎవరో ఒళ్లో పట్టుకుని కూర్చున్నారు. ఆ మనిషి తల మీదుగా దుప్పటి కప్పి ఉంది. బిడ్డ నడుం చుట్టూ ఉన్న చెయ్యి మాత్రం బయటికి కనిపిస్తోంది. మొరటు మగ చెయ్యి.

"ఎవడు వాడు?"

"చెప్పనని మాటిచ్చాను."

"నేను లేనప్పుడు ఎన్నిసార్లొచ్చాడు?"

"ప్రతి ఆదివారం."

"పేరు చెప్పు. లేదంటే ఇప్పుడే మళ్లీ ఓడెక్కేస్తా."

సిసెల్ నిట్టూర్చింది. "మీ నాన్న. మన గడప తొక్కనని పెళ్లినాడు ఒట్టేశారుగా. నువ్వు చూస్తే నవ్వుతావని దుప్పటి ఆయనే అడిగి కప్పుకున్నారు."

హాల్వర్ చాలాసేపు ఆ చేతినే చూశాడు.

"ఈ ఆదివారం దుప్పటి దాచెయ్యి," అన్నాడు.