ఎదురు తిప్పు

అర్ధరాత్రి దాటినా టైర్లు కీచుమంటూనే ఉండేసరికి తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. విసురుగా కూతురి గదిలోకొచ్చింది.

“నీ కార్ల ఆట తగలెయ్య! నాన్న ఇంకా ఇల్లు చేరలేదని నా ప్రాణం కొట్టుకుంటుంటే నీకు గింగిరాలు కావాలా?”

కూతురు ఆట స్టీరింగ్ వదలకుండానే హెడ్‌ఫోన్ తీసింది. “డ్రిఫ్ట్ నేర్చుకుంటున్నానమ్మా. బండి జారగానే స్టీరింగ్ ఎదురు తిప్పాలి. నాకు రావట్లేదు, ప్రతిసారీ గోడకే కొడుతున్నా.”

తల్లి ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. కీచు మాత్రం ఆగలేదు.

“అమ్మా, ఆట చప్పుడు హెడ్‌ఫోన్‌లోనే కదా వచ్చేది?”

తల్లి కిటికీ తెరిచింది. కింద ఖాళీ వీధిలో భర్త కారు, కూతురి చేతిలోని ఆట స్టీరింగ్ ఎటు కదిలితే అటే జారుతోంది. లోపల ఆయన రెండు చేతులతో అద్దం బాదుతున్నాడు. ఎదురుగా గోడ.

“వదిలెయ్యనా అమ్మా?”

“వదిలావంటే చంపుతా!” తల్లి అరిచింది. “ఎదురు తిప్పవే!”