రెండో గొంతు

“ఏమైంది ఇతనికి? ఎందుకాగాడు?”

ప్రొడ్యూసర్ కుర్చీలోంచి లేచింది. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. కార్యక్రమం లైవ్‌లో పోతోంది. గాజు పలక అవతల మైకు ముందు కూర్చున్న దుబాసీ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయాడు.

“ఒంట్లో బాగాలేదేమోనమ్మా” అన్నాడు పక్కనే మీటల ముందున్న సౌండ్ ఇంజినీర్.

“ఇప్పటిదాకా గడగడా చెప్పాడు కదన్నా!”

వారానికో శరణార్థి కథ. వాళ్ళ భాషలో వాళ్ళు చెబుతుంటే దుబాసీ వెంటవెంటనే ఇక్కడి భాషలో చెప్పాలి. ఈ కార్యక్రమం కోసం ఆమె స్టేషన్ డైరెక్టర్‌ని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది.

“ఎవరు వింటారమ్మా ఈ ఏడుపులు? ఈసారి తేడా వచ్చిందంటే మూసేస్తా” అని పొద్దున్నే హెచ్చరించాడాయన.

ఈరోజు చెబుతున్నది ఒక పెద్దావిడ. సరిహద్దు దగ్గరి శిబిరంలో ఎవరినో బతిమాలి ఫోను తీసుకుని మాట్లాడుతోంది.

దుబాసీదీ ఆ దేశమే. ఈమధ్యే చేరాడు. అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప పెద్దగా మాట్లాడడు. చేర్చుకునేటప్పుడే ప్రొడ్యూసర్ గట్టిగా చెప్పింది. “వాళ్ళు ‘నేను’ అంటే మీరూ ‘నేను’ అనాలి. వాళ్ళ మాట తప్ప మీ సొంత మాట ఒక్కటి కూడా వినబడకూడదు.”

అలాగే చెబుతూ వచ్చాడు.

“ఇంకా తెల్లవారలేదు. వాళ్ళు వీధిలోకి వచ్చారు. నేను గడ్డివాములో దూరాను. పక్కింటి తలుపుకి బయట గొళ్ళెం పెట్టారు. లోపల తల్లీ, పిల్లలూ ఉన్నారు. ఇంటికి…”

అక్కడ ఆగిపోయాడు.

ఫోనులో పెద్దావిడ ఏడుపు వినిపిస్తోంది.

ప్రొడ్యూసర్ గాజు పలక మీద వేళ్ళతో కొట్టింది. అతని చెవిలో వినబడే మైకు అందుకుంది.

“మాట్లాడండి! ఏదో ఒకటి మాట్లాడండి!”

అతను తలెత్తలేదు. మైకు మీదికి వంగి, తన భాషలో పెద్దావిడని ఏదో అడిగాడు.

అవతల కాసేపు గరగర. తర్వాత చిన్న జవాబు.

ఆ ప్రశ్నేమిటో, జవాబేమిటో అతను జనానికి చెప్పలేదు.

“వీళ్ళిద్దరూ కబుర్లలో పడ్డారేమిటన్నా!” ఆమె పళ్ళు నూరింది. “నా కొంప ముంచేట్టున్నాడు.”

అప్పుడు అతను మళ్ళీ అందుకున్నాడు. గొంతులో వణుకు లేదు. మాట ఎక్కడా తడబడలేదు.

“ఇంటికి నిప్పు పెట్టారు. ఆ తల్లి నన్ను పిలిచింది. నేను వెళ్ళలేకపోయాను. అన్నం ముందు కూర్చుంటే ఇప్పటికీ ఆ పిలుపే వినబడుతుంది. నన్ను క్షమించమని ఎవర్ని అడగాలో నాకు తెలియడం లేదు.”

ఫోను కట్టయింది. ఇంజినీర్ పాట వేశాడు. ఎర్ర దీపం ఆరింది.

ప్రొడ్యూసర్ తలుపు తోసుకుని లోపలికెళ్ళింది.

“ఆవిడని ఏమడిగారు?”

“ఏం లేదమ్మా. లైను సరిగ్గా లేక…”

“లైను బాగానే ఉంది. నాకూ చెవులున్నాయి. జనమంతా ఊపిరి బిగబట్టి వింటుంటే మధ్యలో మీ సొంత ముచ్చట్లేమిటి? అది ఆవిడ కథండీ, మీది కాదు!”

అతను గ్లాసులో నీళ్ళు తాగాడు.

“తప్పయిందమ్మా.”

“వచ్చే వారం నుంచి మీరు రావద్దు.”

సరేనన్నట్టు తలూపాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“ఆవిడ ఫోను నంబరు ఇస్తారా?”

“ఎందుకు?”

“ఊరికే. ఒక్కసారి మాట్లాడదామని.”

“కుదరదు. శిబిరాల్లో ఉన్నవాళ్ళ నంబర్లు ఎవరికీ ఇవ్వం. అడిగినవాళ్ళు ఎలాంటివాళ్ళో మాకేం తెలుస్తుంది?”

“నిజమేనమ్మా. ఇవ్వకూడదు” అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నించీ స్టేషన్‌లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆ పెద్దావిడ కథ మళ్ళీ వేయమని జనం. తమకూ పంపమని వేరే రేడియోవాళ్ళు. డైరెక్టర్ మొహం చాటంత చేసుకుని వచ్చాడు.

“గెలిచావమ్మా! అక్షరం పొల్లుపోకుండా మొత్తం రాయించి పంపించు.”

రాయాలంటే దుబాసీ కావాలి. ఆమె పట్టుదల పక్కనపెట్టి అతని నంబరుకి చేసింది. అతని గదిలో ఉండే స్నేహితుడెవరో ఎత్తాడు.

“వాడు లేడండీ. ఫోనూ అదీ ఇక్కడే పడేసి నిన్న సాయంత్రమే వెళ్ళిపోయాడు. సరిహద్దుకి పోయే బస్సెక్కాడు. అటు దాటితే మళ్ళీ ఇటు రానివ్వరురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాం. వింటేగా!”

“ఒక్క మాటన్నందుకు ఇంత పౌరుషమా?” అనుకుందామె.

శిబిరం నంబరుకి చేసింది. అది మోగనే లేదు.

చివరికి ఇంజినీర్, ఆ దేశం నుంచే వచ్చి స్థిరపడిన ఒక టీచరమ్మని వెతికి తీసుకొచ్చాడు. టీచరమ్మ రికార్డింగు వింటూ ఒక్కో మాటా చెబుతుంటే ప్రొడ్యూసర్ రాసుకుంటోంది.

“ఇదుగో, ఇక్కడేనండీ” అంది ప్రొడ్యూసర్. “నడుమ ఆపేసి ఆవిడని ఏదో అడిగాడు. ఏమిటని నేనడిగితే అబద్ధం చెప్పాడు. ఏమిటో అది కూడా తేల్చేయండి.”

టీచరమ్మ విన్నది. వెనక్కి తిప్పించి మళ్ళీ విన్నది. ఇయర్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఏమడిగాడు టీచరుగారూ?”

టీచరమ్మ ప్రొడ్యూసర్ రాస్తున్న కాగితం మీద చెయ్యి పెట్టింది.

“‘పిన్నీ, నేనే. మా చిన్నది అప్పటికి నిద్రలోనే ఉందా?’ అని అడిగాడమ్మా.”