పైకి చదివే పాస్‌వర్డ్

ఆ వైఫై మెకానిక్‌ని అందరూ వాగుడుకాయ అనేవారు. నిద్రలో కూడా నోరు మూతపడదు మహానుభావుడికి. పాస్‌వర్డ్ కొట్టాలన్నా ఒక్కో అక్షరం పైకి చదవందే వేలు కదలదు.

ఆ రాత్రి మూడో అంతస్తు ఆఫీసులో ఒంటరిగా కూర్చుని కొత్త కంప్యూటర్‌కి వైఫై పెడుతున్నాడు. "బయటివాడు ఒక్కడు దూరినా రేపట్నుంచి నీకు పని లేదు" అని ఓనరు ముందే చెప్పేశాడు. పొద్దున్నే వచ్చి తీస్తానని, కింద షట్టర్‌కి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు.

వాగుడుకాయ పాస్‌వర్డ్ పెట్టాడు. తెర మీద చూస్తే, ఈ కంప్యూటర్‌తో పాటు ఇంకెవరో కూడా వైఫైలో చేరి ఉన్నారు. పేరు లేదు.

గట్టిగా చదువుకుంటూ పాస్‌వర్డ్ మార్చాడు. చివరి అక్షరం నోట్లోంచి ఊడిపడిందో లేదో, మళ్ళీ చేరారు.

భార్యకి ఫోన్ చేశాడు.

"ఎవడో దూరుతున్నాడే. నా ఉద్యోగం ఊడేలా ఉంది."

"మీరు ఊరంతా వినేలా చదివితే దూరడా మరి? కాసేపు ఆ నోరు కట్టేసుకోండి."

"ఇక్కడ వినడానికి ఎవరు ఏడ్చారే, నా బొంద!"

నవ్వుతూనే ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక ఆ మాట అతనికే అదోలా తోచింది.

ఈసారి పెదవులు బిగించి, పొడుగాటి పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీద తన కంప్యూటర్ ఒక్కటే మిగిలింది. ఫ్యాన్ ఆపి, ఊపిరి బిగబట్టి చూశాడు. గదిలో ఏ చప్పుడూ లేదు. హమ్మయ్య అనుకోబోయాడు.

చెవి పక్కనే ఎవరో ఎంతో మర్యాదగా అన్నారు.

"కాస్త పైకి చదువుదురూ. ఈసారి వినపడలేదు."