రేవు ఊరు

నందిగామలో ప్రేమానందం మాస్టారు, జగ్గయ్యపేటలో తిరుపతిరావు మాస్టారు ఎత్తులు కాగితం మీద రాసి బస్సు కండక్టరు చేత పంపుకుంటూ యుద్ధం ఆట ఆడుతున్నారు. చీట్లు వేస్తే ప్రేమానందానికి గుప్పెడంత దేశం వచ్చింది. సైన్యమంతా పదకొండు చింతపిక్కలు.

ఒక రాత్రి ప్రేమానందం మాస్టారు ఖాళీ బడిలో, నేలమీద సుద్దతో గీసిన పటం ముందు లాంతరు పెట్టుకుని కూర్చున్నారు. రాజధాని నిలవాలంటే రేవు ఊరు వదులుకోక తప్పదు. అక్కడి మూడు పిక్కలూ వెనక్కి తీశారు. వేళ్లకు తడి తగిలింది.

బయట కప్పల అరుపు ఆగిపోయింది. ఎవరో తలుపు తట్టారు.

“ఎవరది?”

“రేవు ఊరోళ్లమండి,” అంది ఆడగొంతు. “సైన్యాన్ని పిలిపించుకున్నారు. మాకో మాట చెప్పలేదేంటండి?”

ఆయన పటం వంక చూశారు. ఆ ఊరి జనానికంటూ ఎప్పుడూ ఒక్క పిక్కా పెట్టలేదు.

బయట చంటిపిల్ల దగ్గింది. తడిబట్టలు పిండుతున్న చప్పుడు వరండా పొడుగునా మొదలైంది.