పలికే అక్షరం

మార్త ఫోన్ చేసిందని మనవడు పిలవగానే అప్పలమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెల్నే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

మార్తది కెనడాలో ఓ మంచు ఊరు. అక్కడి బడిలో టీచరు. వాళ్ళ భాష నాస్కాపి. మాట్లాడేవాళ్ళే గుప్పెడు మంది, అందులో ఒక అక్షరానికైతే కంప్యూటర్లో చోటే లేదు. కొడితే ఖాళీ డబ్బా వచ్చేది. దానికి కంప్యూటర్లు గుర్తుపట్టే నంబరొకటి ఇప్పించి, రూపం గీసి, ఫోన్లలోకి ఎక్కించే పని అప్పలమ్మ మనవడు యోగేశ్వరన్ మీద పడింది. మలేషియాలో, బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో వాళ్ళుండే ఫ్లాట్లో, భోజనాల బల్ల మీదే ఆ యజ్ఞమంతా జరిగింది.

పిల్లలు వేలితో తాకితే అక్షరం పలకాలని బడివాళ్ళు అన్నారు. పలికి పంపింది మార్త తల్లి ఆగ్నెస్. ఆ అక్షరం కోసం ఏళ్ళ తరబడి అందరి చుట్టూ తిరిగిన మొండి ముసలావిడ. యోగేశ్వరన్ ఆ ఒక్క కూతనీ తన టాబ్‌లో పొద్దస్తమానం మోగించేవాడు. అప్పలమ్మ వెక్కిరింతగా తనూ అలాగే అనేది. అచ్చు దిగిపోయిందని వాడు పడీపడీ నవ్వేవాడు.

వాడు ఆఫీసుకి వెళ్ళేటప్పుడు సీరియళ్ళు చూసుకోమని ఆ టాబ్‌నే ఆమె చేతికిచ్చేవాడు. అక్షరం పక్కనున్న ఎర్ర చుక్క నొక్కితే పాత గొంతు చెరిగి కొత్తది రికార్డవుతుంది, అదే అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోతుంది, దాని జోలికి పోవద్దని మాత్రం హెచ్చరించేవాడు.

"ఏటిరా ఆ గోల? ఆ ముసల్దాని నోరు ముయ్యించు" అని ఒకరోజు సాయంత్రం అప్పలమ్మ గట్టిగానే కసురుకుంది.

ఆ వారమే ఆగ్నెస్ పోయింది.

అప్పటినుంచి అప్పలమ్మకి ముద్ద దిగడం లేదు. మనవడు తెచ్చిన రోటీ చనాయ్ అలాగే చల్లారిపోతోంది. గుడికెళ్ళినా అమ్మవారి మొహంలోకి సూటిగా చూడలేకపోయింది. తిడితే ఎవరూ చచ్చిపోరని యోగేశ్వరన్ ఎంత నచ్చజెప్పినా ఆమెలో దిగులు తగ్గలేదు. పాపం, వాడికేం తెలుసు.

మామ్మ రాకపోయేసరికి ఇవాళ వాడే ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాడు. తెరమీద మార్త. కళ్ళు తడిగా ఉన్నాయి. ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే వాడు తనకొచ్చిన మలేషియా తెలుగులో చెప్పుకొచ్చాడు. తల్లి కెమెరా అంటే ఆమడ దూరం పారిపోయేదట. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదట. మార్త రోజూ పొద్దున్నే పిల్లలు రాకముందు ఖాళీ క్లాసులో కూర్చుని ఆ అక్షరాన్ని తాకుతుందట. తరవాత పిల్లలొచ్చి అదే గొంతుతో పాటు పలుకుతారట.

"వాల్లమ్మ పోనట్టే ఉంటాదంట, మామ్మా" అన్నాడు యోగేశ్వరన్.

అప్పలమ్మ చేతిలోంచి గిన్నె సింకులోకి జారింది.

"నిన్నో కోరిక అడుగుతంది. అన్ని దినాలు ఇన్నావు కాదేటి, ఆ అచ్చరం ఒక్కపాలి పలకమంటంది. సెప్పు లా."

అప్పలమ్మ ఠక్కున చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గొంతు బాగోలేదని సైగ చేసింది. మనవడు బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

మార్త ఆ కన్నీళ్ళు చూసి కరిగిపోయింది. ముక్కూమొహం తెలియని తన తల్లి కోసం ఇంతగా ఏడ్చే మనిషి ఉందా అని చేతులు జోడించింది. పలకలేకపోతే వినమని చెప్పి, తన ఫోన్లో ఆ అక్షరాన్ని తాకి, కళ్ళు మూసుకుంది.

ఆగ్నెస్ పోయిన మర్నాడు సీరియల్ పెట్టుకోబోయి ఎర్ర చుక్క నొక్కి, ఆవిడ మాట చెరిగిపోయిందని బెదిరిపోయి, మనవడు ఇంటికొచ్చేలోగా దాని చోట తాను పలికి పెట్టిన సొంత గొంతే అప్పలమ్మకి వినిపించింది.