పద్నాలుగో గది పుస్తకం

ఇంగ్లండులోని ఆ జైలులో ఖైదీలకు పుస్తకాలు మార్చేది శనివారమే. అందుకే పద్నాలుగో గదిలో ఖైదీ పర్కిస్ మంగళవారం చనిపోయినా, అతను చదువుతున్న నవల మొదటి భాగం అక్కడే ఉండిపోయింది. పని కోసం ఇచ్చిన పాత తాళ్లు విప్పి, ఆ పీచును పేజీల మధ్య గుర్తుగా పెట్టుకునేవాడు. అతను పోయాక కూడా, వార్డరు ట్రెడ్‌గోల్డ్ సాయంత్రం తనిఖీకి వెళ్లినప్పుడల్లా ఆ పీచు కొన్ని పేజీలు ముందుకు జరిగి ఉంటోంది.

"తాళం నీ దగ్గరేగా! నువ్వే చదువుతున్నావేంట్రా?" అన్నాడు తోటి వార్డరు హిబర్ట్.

"నాకంత తీరికెక్కడిదిరా? అది వాడికే ఉంది."

శుక్రవారం పీచు చివరి పేజీకి చేరింది. ట్రెడ్‌గోల్డ్‌కు భయం కూడా వెయ్యలేదు.

శనివారం చీకటి పడ్డాక ఆ మొదటి భాగం తీసుకుని తలుపు తాళం వేశాడు. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ, రెండో భాగాన్ని తలుపు కంతలోంచి లోపలికి అందించి వదిలాడు.

పుస్తకం కింద పడిన చప్పుడు రాలేదు.