దిష్టి జుట్టు

సుధాకర్ బుల్లెట్ బండి మస్కట్ నుంచి ఓడలో తిరిగొస్తే, ఆ రాత్రి మండపేటలో, నా మెకానిక్ షెడ్డులో చెక్కపెట్టె విప్పి బయటికి తీశాను. బండి వెనకాలే వస్తానన్న మనిషి ఇరవై రోజులుగా ఫోన్ చెయ్యలేదు. వాళ్లావిడ వీరవేణి నా పక్కనే నిలబడింది.

బ్రేకు, క్లచ్చు బానే ఉన్నాయి. అప్పట్లో బండి మస్కట్‌కి ఓడెక్కేముందు దిష్టి తగలకుండా వీరవేణి తన జుట్టు జానెడు కత్తిరించి ఇచ్చింది. హేండిల్‌కి నేనే కట్టాను. ఇప్పుడది బారెడు దాటింది. ముందు చక్రం స్పోకుల్లో చుట్టుకుని, పక్కనున్న ఆ చెక్కపెట్టెలోకి దిగింది. పట్టుకుంటే చేతికి జిడ్డు అంటింది. తలంటుకోని నెత్తి వాసన కొట్టింది. లైటు దగ్గరికి తెస్తే అందులో పేలు పాకుతున్నాయి.

గోడవారకెళ్లి ఉమ్మేశాను.

"ఛీ! తల లేని జుట్టుకి పేలేంటమ్మా?"

కత్తెర తెచ్చి, జుట్టు గుప్పిట పట్టి కొయ్యబోతే వీరవేణి నా చెయ్యి పట్టేసుకుంది.

"కొయ్యకండి బాబాయ్‌గారూ. ఆయన రోజూ కల్లోకొస్తున్నారండి. నీళ్లలో ఉన్నారంట. దీన్నే పట్టుకునున్నారంట."

"వదిలెయ్యమను," అన్నాను అసహ్యంగా.

పెట్టెలోంచి ఎవరో లాగినట్టు నా గుప్పిట్లో జుట్టు మెల్లిగా బిగిసింది. పెట్టె వైపు మేమిద్దరం చూడలేదు.